మునగచెట్టు, పక్కిల్లు



పాస్టరు నివాసములో చెట్లు ఒకరు నాటితే మరొకరు తింటారు. మేము కొల్లిపర వచ్చేసరికి ప్రహరీ పక్కన ఏపుగా పెరిగిన మునగచెట్టు ఉన్నది. మాకు ముందున్న అయ్యగారు వేసి వెళ్ళారు, కాయలు మేము తిన్నాము. మేము వేసిన కొబ్బరిమొక్క కాపుకు రాకముందే మా బదిలీ కాగితము వస్తుంది. అది పరిచర్యలో మామూలే. అయితే చెట్టుతోపాటు చెట్టుకు పట్టే పురుగు కూడా మన వంతుకు వస్తుందని మాత్రం మాకు తోచలేదు.

డెల్టా గ్రామములో ఇల్లు నడపడమంటే ఏ నెలకు ఆ నెల ఒక తగువు. ఎండాకాలము కాలువలు కట్టేయగానే చేతిపంపు బరువెక్కుతుంది. గిన్నెలు కడిగిన నీళ్ళే అరటిపాదుకు పోయాలి. తొలకరి పడితే చెదలు. ఒక ఏడు అవి గోడవెంట బీరువాలోకి దారి చేసుకొని బాప్తిస్మముల రిజిస్టరు అట్టను తినివేశాయి. దేవుని కృపవలన పేర్లు మిగిలాయి. అప్పటినుండి బీరువాను గోడకు జానెడు దూరము జరిపి ఇటుకలమీద నిలబెట్టాము. శీతాకాలము చిక్కుడుపాదుకు నల్లని పేనుబంక. సొలొమోను చీమను చూచి బుద్ధి తెచ్చుకొమ్మన్నాడు గాని, మా చిక్కుడు తీగమీద చీమలు చేసే పని వేరు. పేను విడిచే తియ్యని జిగురు కొరకు అవి ఆ పేనును కాపలా కాస్తాయి! బూడిద చల్లి, వేపగింజల కషాయము కొట్టి ఇద్దరినీ పంపించాము. సొరపాదుకు పురుగు పట్టినప్పుడైతే మా ఇంటివారు, “యోనాలాగా అలిగి కూర్చోకండి, లేచి మందు కొట్టండి” అంటారు. మాఘమాసములో ఊరంతా పసుపు ఉడికే వాసన వేసేటప్పుడు ఒక్కటే మాకు ఏ తగువూ ఉండదు. ఆ పసుపు ఎండి దుగ్గిరాల యార్డుకు వెళ్ళేదాకా అందరి మాటలూ ధరలమీదే.

ఇక మునగచెట్టు సంగతి. వ్రాయడానికి కొంచెము సిగ్గుగానే ఉన్నది.

2024 ఆగస్టులో దానికి గొంగళిపురుగులు పట్టాయి. రాత్రి ఆకు తింటాయి, పగలు మానుమీద గుంపుగా, గోనెపట్టా కప్పినట్టు అతుక్కొని ఉంటాయి. కొమ్మలు సగము గోడ దాటి పక్కింటి మామ్మగారి వసారామీద వాలి ఉన్నాయి. ఆమె మన సంఘస్థురాలే. పిల్లవానిచేత కబురు పంపారు. “చూద్దాము” అన్నాము. మళ్ళీ పంపారు. “వానలు తగ్గనివ్వండి” అన్నాము. అసలు సంగతి వానలు కావు. కొమ్మలు కొట్టేస్తే వచ్చే వేసవికి కాయలు తగ్గుతాయని మా బాధ.

సెప్టెంబరు 1 ఆదివారము. ముందు రోజునుండి ఎడతెగని వాన. ఆరాధనకు వచ్చినది కొద్దిమందే. మేము మాత్రము ముందుగా సిద్ధపడిన ప్రకారము మంచి సమరయుని గూర్చి ప్రసంగించాము. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కరకట్ట లోపల లంక పొలాలలో అరటి, పసుపు, కంద నీటిపాలయ్యాయి. నీరు నిలిస్తే పసుపుదుంప కుళ్ళిపోతుంది గనుక, ఏటివైపు రైతులకు ఆ ఏడు పంట లేనట్టే. యౌవనస్థులు మందిరము ముందు పొయ్యి పెట్టారు. మేము ఇల్లిల్లూ తిరిగి బియ్యము పోగుచేస్తున్నాము.

మామ్మగారు గోడమీదుగా గిన్నెడు బియ్యము అందించారు. అప్పుడు గాని మాకు జ్ఞాపకము రాలేదు.

“ఏమండీ మామ్మగారూ, మూడు వారాలనుండి ఆరాధనలో కనబడడము లేదు. ఒంట్లో బాగుండలేదా?”

“నాకేం, బాగానే ఉన్నాను అయ్యగారూ. గుళ్ళోకి రావాలంటే మీ చెట్టు కిందనుంచేగా రావాలి. పురుగులు వసారాలోకి దిగినయ్యి. మనవడికి ఒళ్ళంతా దద్దుర్లు లేచి పది రోజులు నిద్ర లేదు. రెండుసార్లు చెప్పి పంపాను. మీకు పనులు ఉంటాయిగా.”

కోపముగా అనలేదు. కోపముగా అనివుంటే మాకు తేలికగా ఉండేది. లంకవారి కొరకు ఊరంతా తిరుగుతున్న మాకు, గోడ అవతల పది రోజులు నిద్రలేని పిల్లవాడున్నాడని తెలియలేదు. తెలియలేదనడము కూడా సరికాదు; రెండుసార్లు తెలిసింది.

వాన తెరిపి ఇచ్చిన మధ్యాహ్నమే పని మొదలుపెట్టాము. ఎవరో కిరసనాయిలు కాగడా పెట్టమన్నారు. దానివలన బెరడు కాలుతుంది, కాలిన నూగు గాలికి లేచి మరి నలుగురి ఒంటిమీద పడుతుంది. అందుచేత పొడుగు చేతుల చొక్కా తొడిగి, ముఖానికి తువాలు చుట్టుకొని, మానుమీది గుంపులను చీపురుతో సబ్బునీళ్ళ బకెట్టులోకి దులిపి, గోతిలో పూడ్చాము. గోడ దాటిన కొమ్మలన్నీ కొట్టించాము. ఈ పురుగు నేలలోకి దిగి గూడు కడుతుంది గనుక మొదలు చుట్టూ మట్టి తిరగవేశాము. మామ్మగారి వసారా గోడలు మేమే కడిగాము. పిల్లవానికి ఈ నూగు తగిలితే గోకనివ్వకూడదు, రుద్దకూడదు. అంటుకునే ప్లాస్టరు వేసి పీకితే నూగు దానితోపాటు వస్తుంది, తరువాత సబ్బుతో కడగాలి. కంటిలో పడితే మాత్రము వైద్యుని దగ్గరకే వెళ్ళాలి. ఇది మేము పది రోజుల ముందు చెప్పవలసిన మాట.

తరువాతి ఆదివారము మామ్మగారు ఆరాధనకు వచ్చారు. అయితే మా చెట్టు దారిన కాదు, వీధి చుట్టి వెనుక వాకిలినుండి. ఆ ముందరి దారిన ఆమె నడవడానికి క్రిస్మస్ దాటింది. మేము ఏమీ అడగలేదు. కొట్టిన చోటల్లా మునగ మళ్ళీ చిగిర్చింది. వేసవిలో కాయలు తక్కువే, అయినా మొదటి కట్ట గోడ అవతలికి వెళ్ళింది.

మొన్న తొలకరికి వరండా దీపము చుట్టూ పెద్ద రెక్కల పురుగులు తిరిగాయి. ఆ పురుగులు పెట్టిన గుడ్లే తరువాత గొంగళ్ళవుతాయి. వారము తిరగకముందే తెల్లవారి గోడ అవతలనుండి పిలుపు వచ్చింది.

“అయ్యగారూ, మానుమీద పిల్లలు కనబడుతున్నయ్యి!”

టీ గ్లాసు అక్కడే పెట్టి బకెట్టు తీసుకొని వెళ్ళాము. ఆమె అప్పటికే చీపురు పట్టుకొని నిలబడి ఉన్నారు.