విమానం రేకు

దొనకొండలో మా పాత ఇంటి నీళ్లగోలెం మీద మూతగా ఒక రేకు ఉండేది. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. ఒక అంచు పొడుగునా వరసగా రివెట్ల బెజ్జాలు. మా నాయనమ్మ దాన్ని 'ఇమానం రేకు' అనేది. ఆమె పోయిన తరువాత కూడా ఇంట్లో అందరికీ ఆ పేరే నిలిచిపోయింది.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇంగ్లీషువాళ్లు దొనకొండలో విమానాలు దిగి ఇంధనం పోసుకుని పోయేందుకు ఒక మైదానం సిద్ధం చేశారు. నేల చదును చేసే పనికి మా తాత కూలికి వెళ్లాడట. యుద్ధం ముగిశాక అక్కడ పారేసిన సామానులోంచి ఆ రేకును భుజాన వేసుకుని తెచ్చాడని మా నాయన చెప్పేవాడు. అప్పటికి నాయనకు ఏడో ఎనిమిదో ఏళ్లు. విమానం దిగుతుంటే మేకలు బెదిరి చెల్లాచెదరు కావడం తప్ప ఆయనకు మరేమీ గుర్తు లేదు.

ఆ మైదానం ఇప్పటికీ ఉంది. విమానాశ్రయాన్ని మళ్లీ తెరుస్తారన్న మాట వినవచ్చినప్పుడల్లా మా ఊరివాళ్లు ఒకసారి తలెత్తి చూసి మళ్లీ తమ పనుల్లో పడతారు. 2014లో రాజధాని దొనకొండకు వస్తుందన్న ప్రచారం జరిగినప్పుడు మాత్రం తలెత్తి చూసి ఊరుకోలేదు, ఎకరం ధర అడగడానికి కార్లు బారులు తీరాయి. అదీ చల్లారింది.

మా నాయన దొనకొండ లోకోషెడ్డులో ఫిట్టరు. మీటరుగేజి రోజుల్లో గుంటూరు నుంచి గుంతకల్లు దాకా పోయే దారిలో మా షెడ్డుకు పెద్ద పేరుండేది. 1990లలో ఆ దారి బ్రాడుగేజి అయింది, షెడ్డు మూతపడింది, ఇంజన్లు తుక్కుకు పోయాయి. ఒక్క ఆవిరియంత్రాన్నయినా ఊళ్లో నిలబెట్టి ఉంటే బాగుండేదని ఆయన నాతో కనీసం వందసార్లు అని ఉంటాడు. నేను మార్కాపురంలో ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు వెళ్లినప్పుడల్లా ఆ మాట విని తలాడించేవాణ్ణి.

2017లో విశాఖపట్నం సముద్రతీరానికి ఒక పెద్ద యుద్ధవిమానాన్ని తీసుకువస్తున్నారని పత్రికల్లో చదివాక నాయనలో కదలిక వచ్చింది. అది మామూలు విమానం కాదు. సోవియట్ దేశం నుంచి మన నావికాదళం తెచ్చుకున్న ఎనిమిది టుపోలెవ్ టీయూ-142ఎం విమానాల్లో ఒకటి. 1988లో చేరి, జలాంతర్గాములను వెతకడమే పనిగా 29 ఏళ్లు తిరిగాయి. ఆ దళం 30 వేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరిందని నావికాదళం లెక్క. 2017 మార్చి 29న తమిళనాడులోని అరక్కోణం స్థావరంలో వాటికి వీడ్కోలు చెప్పారు. వాటి పని అప్పటికే అమెరికా నుంచి వచ్చిన పీ-8ఐ విమానాలు అందుకున్నాయి.

విరమించిన విమానాన్ని ప్రదర్శనశాలకు చేర్చడమెట్లా అన్నది నాయనకు అన్నింటికంటే రుచించిన విషయం. యాభై మీటర్లకు పైగా పొడవు, రెక్కల కొస నుంచి కొసకు మరో యాభై మీటర్లు, ఏమీ నింపకుండానే దాదాపు 90 టన్నుల బరువు. అరక్కోణం నుంచి విశాఖకు దాన్ని ఏ లారీ మోస్తుంది? మోయవలసిన అవసరం రాలేదు. ఏప్రిల్‌లో అది తానే ఎగిరి విశాఖలోని నావికాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగాలో దిగింది. అదే దాని చివరి ప్రయాణం. దాని తోటి విమానమే మరొకటి కోల్‌కతా చేరింది కానీ, దాన్ని అరక్కోణంలోనే విప్పి ముక్కలుగా రోడ్డుమీద తీసుకుపోయారు. అక్కడి ప్రదర్శనశాల 2022లో తెరుచుకుంది.

అసలు చిక్కు విశాఖలో దిగాకనే మొదలయింది. ఒక్క ఇంధనం పోతకు పన్నెండు వేల కిలోమీటర్లు ఎగరగల యంత్రానికి డేగా నుంచి రామకృష్ణా బీచి దాకా పట్టుమని ఇరవై కిలోమీటర్లు లేని దూరం గగనమైంది. ఊరి వీధుల వెడల్పెంత, దాని రెక్కల వెడల్పెంత! స్థావరంలోనే విప్పి, భాగాలను ట్రాలీలమీద తెచ్చి, తీరాన మళ్లీ క్రేనులతో కూర్చారు. మొత్తం పనికి 14 కోట్ల రూపాయల దాకా అయింది. డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. దానికి ఎదురుగానే ఉన్న కుర్సురా జలాంతర్గామి కథా ఇలాంటిదే. 2001లో విధులు ముగించుకున్న దాన్ని నీళ్లలోంచి లాగి 600 మీటర్లు జరిపి నిలబెట్టడానికి ఏడాదిన్నర కాలమూ, ఐదున్నర కోట్ల రూపాయలూ పట్టాయి. జీవితమంతా ఒకదాన్నొకటి వెతుక్కున్న జాతులు ఇప్పుడు రోడ్డుకు చెరో పక్కన!

మరుసటి ఏడు సంక్రాంతి వెళ్లాక నాయనను తీసుకుని గుంటూరు మీదుగా విశాఖ వెళ్లాను. ఆయన చేతిసంచి బరువుగా ఉందేమిటా అని చూస్తే లోపల తువాలులో చుట్టిన విమానం రేకు. "దీన్నెందుకు తెచ్చావు నాయనా?" అంటే, "ఎవురో ఒకరు తెలిసినోళ్లు ఉంటార్లేరా" అన్నాడు. ఎనభై ఏళ్ల మనిషితో వాదన ఎందుకని నేనే మోశాను.

విమానం ముందు నిలబడి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నాలుగు ఇంజన్లు. ఒక్కొక్కదానికి ఒకదాని వెనక ఒకటిగా రెండు పంకాలు. ఒకటి ఒకవైపు తిరిగితే రెండోది ఎదురుదిక్కుకు తిరుగుతుంది. సముద్రంలో జారవిడిచి నీటి అడుగున చప్పుడు వినే గొట్టాలు, క్షిపణి, విడిగా పెట్టిన ఇంజను అన్నీ చూశాడు. పైకి ఎక్కాడు, దిగాడు. దిగాక పొట్ట కింద నిలబడి రివెట్ల వరసలు తేరిపార చూస్తున్నాడు.

"మా షెడ్డులో గూడా ఇంజనును ఇట్టానే ఎత్తి విప్పేవాళ్లంరా. కాకపోతే బిగిచ్చినాక అది మళ్లీ పరిగెత్తేది," అన్నాడు.

ఆ మాట పక్కన ఉన్న ఒక పెద్దమనిషి విన్నారు. నావికాదళంలో విమానాల మరమ్మతు చేసి విరమించినవారట, మనవలను చూపించడానికి తెచ్చారు. నాయన ఇంకేమీ ఆలోచించకుండా సంచిలోంచి రేకు తీసి ఆయన చేతిలో పెట్టాడు. నాకు తలకొట్టేసినట్టయింది. ఆయన మాత్రం నవ్వలేదు. కళ్లద్దాలు పైకి నెట్టుకుని అంచును ఎండలో పట్టి చూశారు. గోటితో గీకారు.

"మాస్టారూ, ఇది విమానానిదే అయుండచ్చండి. ఏ విమానానిదో మాత్రం చెప్పలేను. ఇదిగో, ఈ పొర చూడండి."

ఆయన చెప్పినదాన్నిబట్టి నాకు తెలిసింది ఇది. వట్టి అల్యూమినియం మెత్తన. విమానానికి బలం కావాలి కనుక అందులో రాగి కలుపుతారు. కలిపితే గట్టిదనం వస్తుంది, ఓర్పు పోతుంది. అందుకని ఆ గట్టి లోహానికి రెండువైపులా శుద్ధ అల్యూమినియం పలుచగా అతుకుతారు. గాలి తగిలి దానిమీద ఏర్పడే సన్నని పొరే దానికి రక్ష. ఉప్పు ఆ పొరను ఛేదిస్తుంది. ఉక్కు మేకు అల్యూమినియాన్ని తాకినచోట ఉప్పుతడి చేరితే అక్కడ చిన్న బ్యాటరీయే తయారై, అల్యూమినియం కరిగిపోతుంది. మరీ ముదిరితే లోహం లోపల్నుంచి పొరలు పొరలుగా ఉబ్బి విచ్చుకుంటుంది.

"మా మార్కాపురం పలక రాయి మాదిరి," అన్నాడు నాయన వెంటనే. మా వైపు గనుల్లో రాతిని ఉలితో సున్నితంగా తడితే ఆకుల్లా విడివడుతుంది. అలా విడిచిన ఆకులమీదే తెలుగునాట కొన్ని తరాలు అ ఆలు దిద్దుకున్నాయి. ఆ రేకు అంచు సరిగ్గా అలాగే ఉంది.

అన్నట్టు, ఇనుముకు పట్టేదాన్ని తుప్పు అంటాం, ఇత్తడికీ రాగికీ పట్టేదాన్ని చిలుము అంటాం. అల్యూమినియం మీద లేచే ఆ తెల్లని పొడికి తెలుగులో పేరేమిటో నాకు తట్టలేదు. మా అమ్మ బూడిద అనేది. పైగా పండుగ ముందు ఆ రేకును ఇత్తడి బిందెలతో పాటు చింతపండు పెట్టి తోమేది. ఆ పులుపు రక్షపొరను తినేసి ఉంటుందని ఆ పెద్దమనిషి చెప్పినప్పుడు నాయన గట్టిగా నవ్వాడు. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్లు.

ఆ సాయంత్రం గట్టుమీద కూర్చుని బఠాణీలు తింటూ నాయన ఒక మాట అన్నాడు. "ఇప్పటికైతే బాగానే ఉంది. ఈ ఉప్పుగాలికి దీన్ని ఎన్నాళ్లు తుడస్తారు, ఎన్నాళ్లు రంగులేస్తారు? మన దొనకొండలో పెట్టుంటే నూరేళ్లుండేది. మన గాలిలో తడెక్కడిది?"

"చూసేవాళ్లెవరు నాయనా అక్కడ?" అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. నేనా మాట అనకుండా ఉండవలసింది.

ఆయన అన్నదాంట్లో నిజముందని తరువాత తెలుసుకున్నాను. 1945 తరువాత అమెరికావాళ్లిచ్చిన లిబరేటర్ బాంబర్లను ఇంగ్లీషువాళ్లు కాన్పూరులో వదిలి పోతూ, మళ్లీ ఎవరూ వాడకుండా పాడుచేసి పోయారు. హిందుస్తాన్ విమాన కర్మాగారంవాళ్లు ఆ శిథిలాల్లోంచి పనికొచ్చేవి ఏరి, ఎగరడానికి చాలినంత మాత్రం బాగుచేసి, జిమ్మీ మున్షీ అనే పైలట్ చేత ఒకటొకటిగా బెంగళూరుకు తోలించారు. అలా నలభైకి పైగా చేరాయి. అవి 1968 దాకా మన వైమానికదళంలో పనిచేశాయి. వాటిలో ఒకటి 1969లో అమెరికా ఎడారిలోని పీమా ప్రదర్శనశాలకు, మరొకటి 1974లో ఇంగ్లండు వైమానికదళ ప్రదర్శనశాలకు, రెండూ ఎగిరే వెళ్లాయి. తుక్కుగా వదిలేసి పోయినదాన్ని తిరిగి తమ ప్రదర్శనశాలలో పెట్టుకోవడానికి ఇంగ్లండు మన దగ్గర తీసుకుందన్నమాట! ఏనుగు చచ్చినా వెయ్యే అంటారు. అయితే ఆ వెయ్యి చెల్లించేవాడొకడు ఉండాలి. పీమా ఉన్న టూసాన్ ఊళ్లోనే అమెరికా సైన్యం వేలకొద్ది పాత విమానాలను ఆరుబయట దాచుకుంటుంది. కారణం అక్కడి పొడిగాలి. ఈ సంగతి నాయనకు ఫోనులో చెబితే, "నే జెప్పలా?" అన్నాడు.

నాయన 2021లో పోయాడు. ఇల్లు ఖాళీగా పెట్టలేక మరుసటి ఏడు అమ్మేశాము. సామాను తీసేటప్పుడు పాత సామాన్లవాణ్ణి పిలిచాను. ఇనుప మంచం, తవ్వుగోలలు, బిందెలు కాటా వేశాడు. గోలెం మీది రేకు కూడా కాటా మీద పెట్టాడు. కిలోకు కాస్త ఎక్కువ తూగింది. అల్యూమినియం అయినా పుచ్చిపోయింది కాబట్టి సగం ధరే ఇస్తానన్నాడు. నేను వద్దని తీసేసుకుంటే, ధర తక్కువ చెప్పాననుకుని ఇంకో పది రూపాయలు కలిపాడు.

దాన్ని నాయన తువాలులోనే చుట్టుకుని మార్కాపురం బస్సెక్కాను. సీట్ల మధ్య పట్టక ఒళ్లో నిలువుగా పెట్టుకున్నాను. తువాలు జారి బెజ్జాల వరస బయటపడింది. కండక్టరు ఆగి చూసి, "ఏందన్నా ఇది?" అన్నాడు.

"విమానం రేకు," అన్నాను.

అతను నన్నూ రేకునూ ఒకసారి ఎగాదిగా చూసి, లగేజీ టిక్కెట్టు కొట్టి చేతిలో పెట్టాడు.