వంటావిడే డిటెక్టివ్

ఆఫీసులో రోజంతా ఫైళ్ళతో వేగి వచ్చి, ఇంట్లో హత్యల పుస్తకాలేమిటండీ అని మా ఆవిడ విసుక్కునేది. ఈసారి విషం విందుభోజనంలో అని చెప్పేసరికి, కత్తిపీట నా కుర్చీ దగ్గరికి తెచ్చుకుంది.

అవెన్యూ రోడ్డు పాతపుస్తకాల్లో దొరికిందది. డయాన్ మాట్ డేవిడ్‌సన్ 1990లో రాసిన ‘కేటరింగ్ టు నోబడీ’. కొలరాడో కొండల్లో గోల్డీ అనే ఆవిడ విందులకు వండిపెట్టి కొడుకును పెంచుకుంటుంది. ఒక విందులో, విడిపోయిన భర్త తండ్రికి ఎవరో విషం పెట్టారు. పోలీసులు ఆమె వ్యాపారం ఆపించారు. దోషి దొరికితేగాని మళ్ళీ పొయ్యి వెలగదు. నెత్తురు తక్కువ, వంటకాలు మాత్రం కొలతలతో సహా ఉన్నాయి.

రోజూ నాలుగు పేజీలు తెలుగులో చెప్పేవాణ్ణి. ఆవిడ కొలతలు అడగలేదు. “పాపం, ఆవిడ మీద మాట పోయిందా?” అదొక్కటే ప్రశ్న.

అప్పుడు తట్టింది నాకు. ఆరేళ్ళ కిందట బంధువులింట సీమంతానికి తను పులిహోర కలిపింది. ఇద్దరికి కడుపునొప్పి వచ్చింది. అదే తిన్న తక్కిన అరవైమంది నిక్షేపంగా ఉన్నారు. ఎవరూ పైకి ఏమీ అనలేదు. మళ్ళీ ఎవరూ తనను వండమనీ అనలేదు. నేనూ నోరు విప్పలేదు.

గోల్డీ మచ్చ చివరి పేజీల్లో పోయింది. ఈ కథల రుచి అదే కాబోలు: వండిన చేతికి న్యాయం జరుగుతుంది.

వచ్చే ఆదివారం ఆ బంధువులనే భోజనానికి పిలిచాను.

“ఏం వండమంటారు?” అంది.

“పులిహోర” అన్నాను.