ఓడినవాడు తిరిగి వచ్చే దారి

పల్నాటిలో ఆటను గురించి మాట్లాడబూనినవారు కోడిపందేన్ని తలచుకోక తప్పదు. 12వ శతాబ్దిలో గురజాల, మాచర్ల పక్షాల నడుమ జరిగిన ఆ పందెంలో బ్రహ్మనాయుడి పక్షం ఓడిందనీ, ఒప్పందం ప్రకారం మాచర్లవారు 7 సంవత్సరాలు రాజ్యం విడిచి పోవలసి వచ్చిందనీ వీరగాథ చెబుతున్నది. గడువు తీరినా వారి రాజ్యభాగం వారికి దక్కలేదు. కథ నాగులేటి ఒడ్డున, కారెంపూడి రణరంగంలో ముగిసింది. ఓడింది ఒక కోడి. మూల్యం చెల్లించింది ఒక తరం. అందులో తప్పెవరిదన్నది పెద్దల చర్చ. మాకు తోచే ప్రశ్న వేరు. ఓడినవానికి తిరిగి వచ్చే దారి మూసివేస్తే, ఆట ఇక ఆటగా మిగులుతుందా?

ఈనాడు మా తరానికి బరి అరచేతిలోనే ఇమిడిపోయింది. పబ్‌జీ వంటి ఆటలో 100 మంది వరకు ఒకేసారి విమానం నుండి దిగుతారు. ఎవరికి వారుగా ఆడితే చివరకు నిలిచేది ఒక్కడు, తక్కినవారందరూ ఓడినవారే. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఒకటి. మరుసటి సంవత్సరం అదే ఆట వేరొక పేరుతో మన దేశానికి వచ్చినప్పుడు యువకులు మళ్ళీ ఆదరించారు. దాదాపు ప్రతిసారీ ఓడించే ఆటపై ఇంత మక్కువ ఎందుకు? జెస్పర్ యూల్ అనే డెన్మార్క్ పండితుడు ఈ విషయంపైనే 2013లో ఒక గ్రంథం వెలువరించాడు. మామూలు జీవితంలో ఓటమిని తప్పించుకో జూచే మనిషి, ఓడిపోతానని తెలిసీ ఆటను వెదుక్కుంటూ పోవటమే అందులోని చిక్కుముడి.

మా అనుభవంలో ఆ ముడి కొంత విడిపోయింది. చదరంగంలో ఆటగాళ్ళ బలాన్ని అంకెలలో కొలిచే పద్ధతిని ఆర్పాడ్ ఎలో అనే ఆచార్యుడు రూపొందించగా, 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య స్వీకరించింది. సమఉజ్జీతో ఆడినవానికి దక్కేది సగటున సగమేనని ఆ లెక్క చెబుతుంది. నేటి ఆన్‌లైన్ ఆటలు అనేకం ఇటువంటి లెక్కతోనే ప్రత్యర్థులను కూర్చుతున్నాయి. గెలిచిన కొద్దీ మనకంటె గట్టివాడు ఎదురవుతాడు. కనుక ఓటమి ఎదురైనదంటే మనం ఒక మెట్టు ఎక్కామన్న అర్థం కూడ ఉండవచ్చును. ఉర్దూలో ‘హార్’ అంటే ఓటమి. పూలదండకూ అదే మాట. మా ఉర్దూ మిత్రులు ఈ చమత్కారాన్ని తరచు గుర్తుచేస్తుంటారు.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఈ ఆటలు ఓడినవానికి కారణం చూపిస్తాయి. మనను పడగొట్టినవాడు ఎక్కడ పొంచి ఉన్నాడో ఆట ముగిశాక చూడవచ్చును. 2010లో ఫ్రాన్సు దేశీయుడొకడు ప్రారంభించిన లీచెస్ అనే ఉచిత చదరంగ వేదిక, ఏ ఎత్తు వద్ద ఆట చెడిందో వేలు పెట్టి చూపుతుంది. 2011లో జపానులో వెలువడిన డార్క్ సోల్స్ అనే మిక్కిలి కఠినమైన ఆటలో, ఇతరులు మరణించిన చోట నేలపై నెత్తుటి మరక కనిపిస్తుంది. దానిని తాకితే వారి చివరి క్షణాలు నీడవలె కదలాడుతాయి. ఒకరి ఓటమి వెనుక వచ్చేవారికి హెచ్చరిక అవుతుందన్నమాట. నలుగురు కలిసి ఆడేటప్పుడు, కూలిన వానిని గడువులోగా తోటివాడు లేపవచ్చును. మా జట్టులో ఒకడు ‘లేపరా’ అన్నా, మరొకడు ‘ఉఠావో’ అన్నా, పరుగెత్తి వచ్చేవానికి భాష అడ్డురాలేదు. చాపకూడు పెట్టిన నేలకు ఇది తగిన ఆచారమే.

అయితే డబ్బు ఒడ్డిన ఆట సంగతి వేరు. అక్కడ కోడి కాలికి కత్తి కట్టినట్టే. 2020లో మన రాష్ట్ర ప్రభుత్వం పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. ఆ తేడా న్యాయమైనది. చదువుకు చెందవలసిన రాత్రులను ఒడ్డటం కూడ పందెమే అని మిత్రులు మరువరాదు.

ఇక మా అసలు మాట. పరీక్ష తప్పిన విద్యార్థికి సప్లిమెంటరీ రూపంలో ప్రభుత్వం దారి తెరిచే ఉంచింది. దానిని మూసేది ఇల్లు, వీధి. ‘తప్పాడట’ అన్న ఒక్క మాటతో ఆ పిల్లవానికి ఊరిలోనే వనవాసం విధిస్తాము. ఒక్క ఫలితంతో బ్రతుకే ముగిసిందని భ్రమపడే లేత మనసులు ఉన్నాయి. ఆటలో పదిసార్లు కూలి పదకొండవసారి లేచే కుర్రవాడు ఇక్కడ ఎందుకు లేవలేడు? అతనికి ఎక్కడ పొరబాటు జరిగిందో చూపేవారు లేరు. చేయి అందించేవారూ లేరు. చేతికి వచ్చేది అంకె మాత్రమే.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. కళాశాలలో జరిగే పరీక్షల జవాబు పత్రాలను దిద్ది విద్యార్థుల చేతికే తిరిగి ఇప్పించాలి. ఆ పొరబాట్లను చర్చించటానికి ఒక పీరియడు కేటాయించాలి. తప్పినవారిని కూర్చోబెట్టుకొని చెప్పే బాధ్యత తోటి విద్యార్థులమైన మేము తీసుకుంటాము. పడ్డవాడు చెడ్డవాడు కాడని మన పెద్దలే చెప్పారు. పడ్డవాడు లేచేవరకు పక్కన నిలబడటం మన వంతు.