మసి చుక్కలు

మా అమ్మమ్మకి గడియారం చూడటం రాదు. అయినా రాత్రి నేను ఎంతసేపు చదివానో పొద్దున్నే చెప్పేసేది. లాంతరు చిమ్నీ ఊడదీసి, వెలుగుకెత్తి చూసి, "బాగా పొద్దుపోయేదాకా మేలుకున్నావు కదరా, వత్తి కూడా పెద్దది చేశావు" అనేది. తర్వాత పిడకల బూడిద, పాత చీర పేలిక పట్టుకుని కూర్చునేది. పేలిక నల్లబడేకొద్దీ గాజు తేటపడేది.

వంటింట్లో చిమ్నీ లేని కిరసనాయిలు బుడ్డి ఉండేది. దాని వెనక గోడమీద నల్లటి చార. ఏటా సంక్రాంతికి సున్నం వేసినా, శివరాత్రికల్లా మళ్లీ తేలేది. చెల్లెలు పుట్టినప్పుడు మాత్రం అమ్మమ్మ మసిని తుడవలేదు, పట్టింది. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి, అంటుకున్న నలుపుని నేతితో మెదిపి కాటుక చేసింది. పాప బుగ్గన దిష్టిచుక్క పెట్టింది.

చాలా ఏళ్లకు ఆ మసిని కొలవడమే నా ఉద్యోగమైంది. యంత్రం పేరు ఏతలోమీటరు. మసి పట్టించడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు పెట్టారు. 1980ల్లో అమెరికాలోని బర్క్‌లీలో టోనీ హాన్సెన్, ఆయన తోటివారు దాన్ని తయారుచేశారు. లోపల తెల్లటి క్వార్ట్జ్ నార టేపు చుట్ట ఉంటుంది. పంపు గాలిని లాగి టేపులో ఒకేచోట వడకడుతుంది. అక్కడ చుక్క నల్లబడుతుంటే, దాన్ని దాటి వచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదలే లెక్క. చుక్క బాగా నల్లబడగానే టేపు ముందుకు జరిగి కొత్త చుక్క మొదలవుతుంది. చిమ్నీని వెలుగుకెత్తి అమ్మమ్మ చేసిందీ ఇదే.

అంకెలన్నీ ఫ్లాపీల్లోకి వెళ్లేవి. మేము మాత్రం ముందు టేపునే చూసేవాళ్లం. మా నగరంలో రోజుకి పదికి పైగా చుక్కలు పడేవి. పొద్దుటి ట్రాఫిక్ వేళవి దగ్గర దగ్గరగా ముగిసేవి, వాన రోజున ఒకటే చాలాసేపు సాగేది.

2010లో లడఖ్‌లోని హన్లే వెళ్లాను. ఎత్తు 4,520 మీటర్లు. నాలుగడుగులకే ఆయాసం. నక్షత్రాలు చూడ్డానికి గాలి తేటగా ఉండే చోటని అక్కడ టెలిస్కోపు పెట్టారు. 2009 ఆగస్టులో ఏతలోమీటరు కూడా మొదలైంది. అక్కడ తేలిన ఏడాది సగటు, ఘనపు మీటరు గాలికి సుమారు 77 నానోగ్రాముల మసి. మా నగరంలో మైక్రోగ్రాముల్లో లెక్క, అంటే వెయ్యింతల కొలత. అక్కడ ఒక్క చుక్క నిండాలంటే రోజులు పడతాయి. అయినా నిండుతుంది. వసంతంలో ఇంకాస్త త్వరగా. అప్పుడు గాలులు ఎక్కడెక్కడి పొగనో పైకి మోసుకొస్తాయి. ఆ మసి మంచు మీద పడితే తెలుపు మాసి, ఎండని వెనక్కి కొట్టాల్సింది తాగేస్తుంది. మంచు ముందే కరుగుతుంది.

2012లో ఒక పరిశోధన ఫలితం చదివాను. వత్తి బుడ్డిలో కాలే కిరసనాయిల్లో 7 నుంచి 9 శాతం నల్ల కర్బనంగా, అంటే మసిగా మారుతుందట. కట్టెల మంటకన్నా ఎన్నో రెట్లు. అది చదవగానే మా వంటింటి గోడమీది చార గుర్తొచ్చింది. మేం సున్నంతో కప్పింది గోడకి అంటినదాన్నే. తలుపులోంచి వెళ్లినదాన్ని ఎవరూ తుడవలేదు.

లాంతరు అటకెక్కింది, తర్వాత పాత సామాన్లవాడి బండెక్కింది. ఆ గోడ పడిపోయి చాలా కాలమైంది. అమ్మమ్మా లేదు. నా బీరువాలో రెండు డజన్ల ఫ్లాపీలున్నాయి, వాటిని తెరిచే యంత్రం ఇప్పుడు నా దగ్గర లేదు. వాటి పక్కనే, పారేయబోతుంటే తెచ్చుకున్న టేపు ముక్క, జానెడు. చుక్కలు కొంచెమైనా వెలిసిపోలేదు. దాన్ని వెలుగుకెత్తి చూస్తే ఎంత మసి తాగిందో అమ్మమ్మైనా చెప్పేసేది.