యాడికీ పోనామె జ్వరం

మలేరియా అరుదైపోయిన చోట దాన్ని వెతికేవాళ్లు ఏం చేస్తుంటారో చూసి రమ్మన్నారు ఎడిటరు గారు. చంద్రగిరి దాటాక ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. వరండాలో చీటీలు రాసే ఆయన జ్వరంతో వణుకుతున్న ఒక పెద్దామెను అడుగుతున్నాడు.

"ఏ ఊరికి పోయొచ్చినావు మా?"

"యాడికీ పోలేదు నాయినా. గుట్టకాడికి మేకల్ని తోలకపోయేదే."

"అయితే మలేరియా కాదులే."

ఈ మాట విన్న ల్యాబ్ టెక్నీషియన్ ఏమీ అనకుండా ఆమెను లోపలికి పిలిచాడు. ఎడమచేతి ఉంగరపు వేలు తుడిచి చటుక్కున గుచ్చాడు. తొలి బొట్టు దూదికి, తర్వాతిది గాజుపలకకు. ఇంకో పలక మూలతో దాన్ని గుండ్రంగా రాశాడు. మరో బొట్టును నాలుకలా పల్చగా లాగాడు. దళసరి పూతలో పురుగు ఉందా లేదా తెలుస్తుంది, పల్చటి దాంట్లో ఏ రకమో తెలుస్తుంది. ఆరబెట్టి, జేఎస్‌బీ రంగులో ముంచి, మైక్రోస్కోపుకు కన్ను ఆనించాడు.

"వంద ఫీల్డులు చూసినాకనే నెగిటివ్ అనాల సార్. ఉంటే రాయి పొదిగిన ఉంగరం మాదిరి కనిపిస్తాది. అది చూసి ఎన్నాళ్లయిందో!"

పాడేరు మన్యంలో ఆ ఉంగరం పాత చుట్టం. ఇక్కడ జబ్బు తగ్గిందని సంతోషించాం, దాన్ని పట్టే కన్ను మాత్రం వాడకం లేక మొద్దుబారుతోంది. 1897లో సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఈ పురుగును పట్టింది ఇలాంటి ఓపికతోనే.

పైగా ఇది తిరుపతి పక్కనే. దేశం నలుమూలల నుంచి రోజూ వేలమంది వచ్చే చోటు. వైవాక్స్ రకం కాలేయంలో నెలల తరబడి దాక్కుంటుంది. అలా వచ్చినవాణ్ని కుట్టిన అనాఫిలిస్ దోమ, కొన్నాళ్లకు ఊరు కదలనివాణ్ని కుడితే చాలు. 2023లో అమెరికాలో, ఫ్లోరిడాలోని సరసోటా ప్రాంతంలో ఏడుగురికి ఇలాగే స్థానికంగా సోకింది. ఆ దేశంలో అలాంటి కేసులు అంతకు ముందు 20 ఏళ్లుగా లేవు. 2027కల్లా స్థానిక కేసులు సున్నా కావాలని లక్ష్యం పెట్టుకున్న మనం, ఊరు దాటలేదు గనక పరీక్ష వద్దంటే ఎలా? దాటలేదు గనకే చేయాలి!

పెద్దామె పలకలో ఏమీ కనిపించలేదు. టెక్నీషియన్ మాత్రం వందా లెక్కపెట్టాకే తలెత్తాడు.

చలితో జ్వరం వస్తే మీరూ రక్తపరీక్ష అడగండి. వైవాక్స్ అని తేలి, డాక్టరు ప్రైమాక్విన్ 14 రోజులకు రాస్తే 14 రోజులూ మింగండి. మూడోనాటికే జ్వరం దిగిందని ఆపితే కాలేయంలోది మళ్లీ లేస్తుంది.