యంత్రమెవరిది? భారమెవరిది?

మా పాఠశాల పూర్వవిద్యార్థులము కొందఱము పాత ఛాయాచిత్రములను వెబ్‌సైటునందు నిలుపవలెనని కొన్నియేండ్ల క్రిందట సంకల్పించితిమి. చందాలు ప్రోగుచేసి యొక సర్వరును కొని, హైదరాబాదునందలి యొక డేటా సెంటరులో నుంచితిమి. ఈ పద్ధతికి కొలొకేషన్ అని పేరు. అచ్చట ఇనుపచట్రములలో యంత్రములను బిగింతురు. ఒక్కొక్క యర యెత్తు 1.75 అంగుళములు, నిండు చట్రమున సాధారణముగా 42 అరలుండును. స్థలము, విద్యుచ్ఛక్తి, చల్లనిగాలి, ఇంటర్నెట్టు, కావలి వారి వంతు. యంత్రము, సాఫ్ట్‌వేరు, బ్యాకప్పు మన వంతు.

ఈ కడపటి మాటను మేము చెవినిబెట్టలేదు. ఒకనాటి రాత్రి డిస్కు చెడిపోయెను. ఫోను చేయగా, "అయ్యా, కరెంటున్నది, నెట్టున్నది. పెట్టె విప్పుట మన యొప్పందములో లేదు, విప్పవలెనన్న వేఱుగా రుసుము కావలెను" అని వారు మర్యాదగానే చెప్పిరి. వారి మాట న్యాయమే. బ్యాకప్పు తీయుట మఱియొకరి పనియని మాలో ప్రతివారును తలంచితిమి. ఆఱు మాసములుగా నెవరును తీయలేదు. ఆ కాలమున చేర్చిన చిత్రములన్నియు నశించెను. అందొకటి దివంగతుడైన మా గురువుగారిది. దానిని పంపిన వారి కుమార్తెయొద్ద మూలప్రతి వానకు తడిసి పాడైనదట. ఆమెకు జాబు వ్రాయబోగా మాకు చేయి యాడలేదు. ఆమె మమ్మొక మాటయైన ననలేదు; అదియే మాకు మిక్కిలి బాధ.

పిమ్మట మేనేజ్డ్ హోస్టింగునకు మారితిమి. ఇందు యంత్రము వారిదే. డిస్కు మార్చుట, ఆపరేటింగు సిస్టమును సరిచేయుట, రాత్రింబవళ్లు కనిపెట్టుట వారి పని. కొలొకేషన్ అద్దెగదిలో స్వయంపాకము వంటిది. ఇది హాస్టలు భోజనము వంటిది. స్వయంపాకమున రుచి మన యిష్టము, పొయ్యి యారినచో బాధ్యతయు మనదే. హాస్టలులో శ్రమ లేదు, కాని వంటకము మన యిష్టము కాదు. నేర్పరులును, అనేక యంత్రములును గలవారికి మొదటిది తగును. మావంటివారికి రెండవది మేలు.

అయినను పూర్తిగా నిశ్చింతయుండరాదు. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గునందు ఓవీహెచ్ సంస్థవారి డేటా సెంటరొకటి యగ్నికి ఆహుతియయ్యెను. వేఱొకచోట ప్రతి యుంచుకొననివారు పలువురు తమ సమాచారమును కోల్పోయిరి.

కావున నిప్పుడు ప్రతిమాసము మాలో నొకరు ప్రతి తీసి, తెఱచి చూచి, పుస్తకమున సంతకము చేయుచున్నారు. ప్రియవిద్యార్థులారా, పదిమంది కలిసి యేపని తలపెట్టినను, ఏది యెవరి వంతో ముందుగా పేరువరుస వ్రాసికొనుడు. అందఱిదియను పని యెవరిదియు గాకపోవును.