పర్లేదు అంటే పదికి ఎంత?

మా ఇంట్లో నొప్పి గురించి ఎప్పుడడిగినా ఒకటే సమాధానం: ‘పర్లేదు’. జ్వరమొచ్చినా, కత్తిపీటకు వేలు తెగినా అమ్మ అదే అంటుంది. డిస్క్ ఆపరేషన్ అయిన రెండేళ్లకు కూడా నడుము నుంచి ఎడమ పాదం దాకా మంటలు పుడుతుంటే, అప్పుడూ అదే మాట. రాత్రి రెండింటికి హాల్లో లైటు వెలిగితేనే మాకు అసలు సంగతి తెలిసేది.

బంధువులది ఇంకో గోల. ‘స్కాన్ బాగానే ఉందటగా, ఇంకా నొప్పేంటి?’ అని. డిస్క్ సరిచేసినా, నలిగిన నరం అలారం కొడుతూనే ఉండొచ్చు. మూడు నెలలు దాటి ఉండిపోయే నొప్పిని డాక్టర్లు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఒక్కోసారి అది వేరే జబ్బుకు గుర్తు కాదు, అదే ఒక జబ్బు.

మందులు, ఫిజియోథెరపీ, ఇంజెక్షన్లు అన్నీ అయ్యాక, పెయిన్ డాక్టర్ గారు స్పైనల్ కార్డ్ స్టిమ్యులేషన్ గురించి చెప్పారు. ‘వెన్నుపాముకి కరెంటు పెడతారా!’ అని అమ్మ హడలిపోయింది.

నిజానికి దీని వెనకున్న ఆలోచన మనకు తెలిసిందే. మోచెయ్యి గోడకు తగిలితే గబుక్కున రుద్దుకుంటాం కదా, కాస్త హాయిగా ఉంటుంది. ఎందుకలా? స్పర్శ సంకేతాలు వెళ్తుంటే, నొప్పి సంకేతాలకు వెన్నుపాములో ఒక గేటు మూసుకుంటుందని 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించారు. రెండేళ్లకే, 1967లో అమెరికాలో నార్మన్ షీలీ అనే న్యూరోసర్జన్ ఆ ఆలోచనతోనే ఒక కేన్సర్ రోగికి ఎలక్ట్రోడ్ అమర్చారు. ఇప్పుడైతే సన్నటి తీగల్ని వెన్నుపాము పైపొర బయట పెడతారు. చర్మం కింద అమర్చిన చిన్న బ్యాటరీ వాటికి సన్నగా కరెంటు పంపుతుంది. అసలు కారణం అలాగే ఉంటుంది. మెదడుకు చేరే కబురు మాత్రం మారుతుంది.

ఇందులో నాకు నచ్చింది ట్రయల్. ముందు సూదితో తీగలు మాత్రమే పెట్టి, బ్యాటరీని బయట నడుముకు కట్టి కొన్ని రోజులు చూస్తారు. మాకు వారం అన్నారు. నొప్పి కనీసం సగం తగ్గితేనే లోపల అమరుస్తారు. లేకపోతే తీగలు లాగేస్తారు, అంతే.

చిక్కంతా అక్కడే వచ్చింది. తగ్గిందో లేదో చెప్పాల్సింది అమ్మే. ఏ మెషీనూ చెప్పదు. ఖర్చేమో లక్షల్లో. నాన్న ఎఫ్‌డీ తీయాలి. డబ్బు మిగల్చడానికి ‘తగ్గలేదు’ అనేస్తుందా? మేం ఇంత తిరిగాం కదా అని మొహమాటానికి ‘తగ్గింది’ అంటుందా? మా అమ్మ రెండూ చెయ్యగలదు!

పైగా 2022లో నార్వే డాక్టర్లు వెన్ను ఆపరేషన్ అయ్యాక కూడా నొప్పి పోని 50 మంది మీద చేసిన ఒక అధ్యయనం నా కంటపడింది. కరెంటు ఇచ్చినప్పటికీ ఉత్తుత్తిగా ఇచ్చినట్టు నమ్మించినప్పటికీ, రోజువారీ పనుల ఇబ్బందిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదట. డాక్టర్ గారిని అడిగేశాను. ‘అందరికీ పనిచెయ్యదు. ఆశ వల్ల కూడా కొన్నాళ్లు నొప్పి తగ్గినట్టుంటుంది. తెలిసే నిర్ణయించుకోండి’ అన్నారు. ఆ మాటకే ఆయన మీద నమ్మకం పెరిగింది.

అందుకే ఫ్రిజ్ మీద ఒక చీటీ అంటించాం. పాలు కాగేదాకా నిలబడిందా? రాత్రి ఎన్నిసార్లు లేచింది? వీధి చివర గుడి దాకా నడిచిందా? వంగకూడదు, బరువులెత్తకూడదు అన్నారు కాబట్టి ఇవే మా పరీక్షలు. మొదటి రెండు రోజులు అన్నిటికీ ‘పర్లేదు’. ‘పర్లేదు అంటే పదికి ఎంతమ్మా?’ అని తమ్ముడు వదల్లేదు. ఐదో రోజు పొద్దున్న తనే చెప్పింది. ‘ఇంతకుముందు ఎనిమిది రా. ఇప్పుడు నాలుగు. డబ్బుల గురించి ఆలోచించి చెప్పట్లేదు.’ ఆ రాత్రి హాల్లో లైటు వెలగలేదు.

లోపల అమర్చి పది నెలలైంది. అద్భుతమేం జరగలేదు. చలికాలంలో నొప్పి ఆరుకు వెళ్తుంది. మాత్రలు తగ్గాయి కానీ మానలేదు. ఏ స్కానింగ్‌కి వెళ్లినా ముందు కార్డు చూపించాలి. మా ఫోన్ల పక్కన ఇప్పుడు అమ్మ బ్యాటరీ చార్జర్ కూడా ఉంటుంది. ఇంకో ఏడాదికి ఎలా ఉంటుందో చూడాలి, చీటీ ఇంకా తీసెయ్యలేదు.

మీ ఇంట్లోనూ ఇలా ‘పర్లేదు’ అనేవాళ్లు ఉంటే, చికిత్స ఏదైనా సరే, ‘ఎలా ఉంది?’ అని అడిగి ఊరుకోకండి. ‘ఇవాళ ఏం చెయ్యలేకపోయావ్?’ అని అడగండి. జవాబు కాస్త లేటుగా వస్తుంది, ఆగండి.